సరిహద్దు దాటినా అమానత్ మారదు

ఇంటర్, డిగ్రీ ఫలితాలు వెలువడే రోజుల్లో మన ఇళ్ళల్లో పిల్లల చదువు గురించి చర్చ మొదలవుతుంది. ఇంజనీరింగా, మెడిసినా అన్న పాత ప్రశ్న పక్కన కొంతకాలంగా మరో మాట కూడా వినిపిస్తోంది. అదే అంతర్జాతీయ వ్యాపార నిర్వహణ. ఒక దేశపు సరుకును మరో దేశంలో అమ్మడం, కస్టమ్స్ సుంకాలు, ఓడ రవాణా, విదేశీ మారకం, పలు దేశాల చట్టాలు, పలు దేశాల మనుషులతో కలిసి పనిచేయడం వంటివన్నీ కలిపి నేర్పే చదువు ఇది.

ఈ మాట వినగానే కొందరు తల్లిదండ్రులు సందేహంలో పడతారు. "వడ్డీ లెక్కలు, బ్యాంకు లావాదేవీలు, లాభం తప్ప మరేదీ పట్టని కంపెనీలు. అలాంటి చోటికి పంపి పిల్లల దీన్‌ను పాడుచేసుకోవాలా?" అని వారి బాధ. "ఈ రోజుల్లో అవన్నీ చూస్తూ కూర్చుంటే బ్రతకగలమా అబ్బాజాన్?" అని పిల్లల ఎదురు ప్రశ్న. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజముంది. కాని రెండింటికీ వెనుక ఇంకా లోతైన ప్రశ్న ఒకటుంది. కొనేవాడు, పనిచేసేవాడు, పండించేవాడు మన కంటికి కనిపించనంత దూరంలో ఉన్నప్పుడు వారి పట్ల మన బాధ్యత తగ్గుతుందా? ఈ చదువు మన పిల్లలకు తగినదా కాదా అన్నది ఈ ప్రశ్నకు మనం ఇచ్చే జవాబు మీదే ఆధారపడి ఉందని మేము భావిస్తున్నాం.

గీతకు అటూ ఇటూ

ఈ ప్రశ్న కోసం లండన్‌కో దుబాయ్‌కో వెళ్ళనవసరం లేదు. తిరుపతి జిల్లాలోని సత్యవేడు, వరదయ్యపాలెం మండలాలకు వెళితే చాలు. తమిళనాడు సరిహద్దును ఆనుకుని, చెన్నైకి సుమారు 55 కిలోమీటర్ల దూరంలో 2008లో శ్రీ సిటీ వెలిసింది. అప్పుడది చిత్తూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక తిరుపతి జిల్లాలో చేరింది. ఒకవైపు చెన్నై, ఎన్నూరు ఓడరేవులు, మరోవైపు కృష్ణపట్నం ఓడరేవు అందుబాటులో ఉండటంతో జపాన్, అమెరికా, ఫ్రాన్స్ మొదలైన అనేక దేశాల కంపెనీలు అక్కడ కర్మాగారాలు పెట్టాయి. వాహనాలు, ఏసీలు, చాక్లెట్లు, సెల్‌ఫోన్లు, రైలు బోగీలు అక్కడ తయారవుతున్నాయి.

చదువుల సంస్థలు కూడా అక్కడికి వచ్చాయి. 2013లో ట్రిపుల్ ఐటీ మొదలైంది. 1970లో చెన్నైలో పుట్టిన ఐఎఫ్ఎంఆర్ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ శ్రీ సిటీకి తరలివచ్చింది. ఇప్పుడది 2018లో ఏర్పడిన క్రియా విశ్వవిద్యాలయంలో భాగం. విదేశీ వ్యాపార విద్యకే ప్రత్యేకించిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఐఎఫ్‌టీ 2022లో కాకినాడలో తన ప్రాంగణాన్ని తెరిచి, ఇంటర్ తరువాత అయిదేళ్ళ కోర్సును ప్రవేశపెట్టింది. అంటే ఒకప్పుడు ఢిల్లీ, బొంబాయి వెళ్ళి చదవాల్సిన విద్య ఇప్పుడు మన గడపలోకి వచ్చింది.

శ్రీ సిటీలో ఒక విచిత్రమైన గీత ఉంది. అందులో కొంత భాగం ప్రత్యేక ఆర్థిక మండలం. 2005 నాటి చట్టం ప్రకారం, అనుమతి పొందిన కార్యకలాపాల మేరకు ఆ భాగాన్ని దేశ కస్టమ్స్ పరిధికి వెలుపలి ప్రాంతంగా పరిగణిస్తారు. అక్కడ తయారైన సరుకును ప్రహరీకి ఇవతలి ఊళ్ళో అమ్మాలంటే విదేశం నుంచి దిగుమతి చేసుకున్నట్టే సుంకం కట్టాలి. నేల ఒక్కటే, గాలి ఒక్కటే, పనిచేసే అమ్మాయిలు, అబ్బాయిలు ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళే. అయినా గేటు దాటితే లెక్క మారిపోతుంది.

ప్రభుత్వాలు ఇలాంటి గీతలు గీయడంలో తప్పేమీ లేదు. ఎగుమతులు పెరగాలని, ఉపాధి రావాలని గీసిన గీత అది. కాని మనిషి మనసులో కూడా ఇలాంటి గీత ఒకటి ఏర్పడితేనే ప్రమాదం. "మన ఊరివాడిని మోసం చేయకూడదు, ఫరవాలేదు వాడు పరాయి దేశం వాడు" అనే గీత. "మా దేశంలో ఇది నేరం, అక్కడ నేరం కాదు కాబట్టి చేయవచ్చు" అనే గీత. సుంకం గేటు దగ్గర మారుతుంది. మరి అమానత్ మారుతుందా?

కాగితం చూసేది, కాగితం చూడనిది

విదేశీ వ్యాపారంలో అమ్మేవాడు, కొనేవాడు ఒకరినొకరు చూడకపోవచ్చు. అందుకే మధ్యలో బ్యాంకు 'లెటర్ ఆఫ్ క్రెడిట్' అనే హామీ పత్రం ఇస్తుంది. అమ్మకందారు ఓడలో సరుకు ఎక్కించి, బిల్లు, ఓడ రసీదు, ఇతర ధృవపత్రాలు బ్యాంకుకు చూపిస్తే డబ్బు చేతికొస్తుంది. ఈ ఏర్పాటులో బ్యాంకు పరిశీలించేది కాగితాలనే. పెట్టెలో ఉన్న సరుకును అది తెరిచి చూడదు. ప్రపంచమంతటా అమల్లో ఉన్న నియమం ఇదే.

అలాగే సరుకు ప్రమాద బాధ్యత అమ్మినవాడి నుంచి కొన్నవాడికి ఎక్కడ మారుతుందో చెప్పే నిబంధనలను అంతర్జాతీయ వాణిజ్య మండలి మొదటిసారి 1936లో రూపొందించింది. 2020 నాటి కూర్పులో అలాంటివి 11 ఉన్నాయి. వాటిలో ఒకదాని ప్రకారం, సరుకు ఓడపైకి చేరిన క్షణం నుంచి నష్టం వస్తే భరించాల్సింది కొన్నవాడే.

ఇవి మంచి నియమాలే. వ్యవహారాలు రాతపూర్వకంగా ఉండాలన్నది మనకు కొత్త కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వ ఆయత్, అప్పు వ్యవహారాలను రాసుకోవడం గురించి, సాక్షుల గురించే వివరిస్తుంది. అక్కడ రాత ఉద్దేశ్యం సత్యానికి సాక్ష్యంగా నిలవడం. అదే రాతను సత్యానికి అడ్డంగా నిలిపే తెలివి కూడా మనిషికి ఉంది. కాగితాలన్నీ సక్రమంగా ఉండి, పెట్టెలో నాసిరకం సరుకు ఉండవచ్చు. ఓడపైకి చేరగానే నష్టపు భారం చేతులు మారవచ్చు. కాని లోపం తెలిసి దాచినవాడి పాపం ఏ రేవులోనూ దిగిపోదు. అది అతని వెంటే వస్తుంది.

మదీనా బజారులో జరిగిన సంఘటన మనందరికీ తెలిసినదే. దైవప్రవక్త (సఅసం) ఒక ధాన్యం రాశిలో చేయి పెట్టి చూశారు. వేళ్ళకు తడి తగిలింది. వాన పడిందని అమ్మకందారు చెప్పాడు. అలాగైతే జనానికి కనిపించేలా తడిసిన ధాన్యాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఇక్కడ గమనించండి. వాన పడటం ఆ వర్తకుడి తప్పు కాదు. తడిసిన ధాన్యాన్ని అమ్మకూడదని కూడా ఆయనకు చెప్పలేదు. తనకు తెలిసినది కొనేవాడికి తెలియకుండా చేయడమే అక్కడి నేరం.

కొనేవాడు రాశి ఎదుటే నిలబడి, చేయి పెట్టి చూసుకోగలిగిన బజారులోనే ఇంత గట్టి హెచ్చరిక ఉంది. చేయి పెట్టి చూసుకునే అవకాశమే లేని వ్యాపారంలో ఆ హెచ్చరిక ఎంత బరువైనదో ఊహించండి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో 2019లో మొదలైన మెట్రో మార్గానికి రైళ్ళు శ్రీ సిటీలోని ఆల్‌స్టామ్ కర్మాగారం నుంచే ఓడల మీద వెళ్ళాయి. ఆ రైలెక్కే ప్రయాణికుడికి సత్యవేడు ఎక్కడుందో తెలియదు. బోగీ లోపలి అతుకును అతను ఎన్నడూ చూడడు. ఆ అతుకు వేసినవాడి నిజాయితీ మీద, దాన్ని పరీక్షించి సంతకం చేసినవాడి నిజాయితీ మీద తన ప్రాణం ఉంచి కూర్చుంటాడు. అమానత్ అంటే ఇంతకంటే వేరే ఏముంటుంది?

ఖదీజా (రజి) ఏం చూశారు?

దూరదేశ వ్యాపారం ముస్లిములకు కొత్త కాదు. ఖురైషుల చలికాలపు, వేసవికాలపు వ్యాపార ప్రయాణాల గురించి ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది. హజ్రత్ ఖదీజా (రజి) మక్కాలో ఉంటూ సిరియా దేశానికి సరుకు పంపేవారు. అక్కడ ఏ ధరకు అమ్ముడైందో, దారిలో ఏం జరిగిందో ఆమె స్వయంగా చూడలేరు. సొమ్ము ఒకరిది, శ్రమ మరొకరిది, లాభం ఇద్దరిదీ. నేటి మేనేజ్‌మెంట్ పుస్తకాలు యజమానికీ ప్రతినిధికీ మధ్య వచ్చే సమస్య గురించి అధ్యాయాలకు అధ్యాయాలు రాస్తున్నాయి. ఆ సమస్య ఆమెకూ ఎదురైంది.

ఆమె ఏం చేశారు? సత్యసంధుడిగా, అమీన్‌గా పేరుపొందిన యువకుణ్ణి ఎంచుకున్నారు. దైవదౌత్యం ఇంకా లభించని ఆ కాలంలో ముహమ్మద్ (సఅసం)కు తన సరుకు అప్పగించారు. తోడుగా తన సేవకుడు మైసరాను పంపారు. తిరిగి వచ్చాక అతని నోట ప్రయాణ విశేషాలు విన్నారు. అంటే ఆమె గుడ్డిగా నమ్మలేదు, అలాగని ఎవరినీ నమ్మకుండానూ ఉండలేదు. ముందు గుణం చూశారు, తరువాత సాక్ష్యం చూశారు. నేటి కంపెనీలు తనిఖీలకు, ఆడిట్లకు ఎంతో ఖర్చు పెడుతున్నాయి. అది అవసరమే. కాని తనిఖీ చేసేవాడే అమ్ముడుపోతే ఇక ఏ తనిఖీ పనికొస్తుంది? చివరికి ఎక్కడో ఒకచోట ఎవరూ చూడనప్పుడు కూడా సరిగ్గా నడుచుకునే మనిషి ఒకడు ఉండి తీరాలి. అలాంటి మనిషిని ఏ విశ్వవిద్యాలయమూ తయారు చేయలేదు. అతను ఇంట్లో, తల్లి ఒడిలో తయారవుతాడు.

తెలిసినవాడు, తెలియనివాడు

ఈ చదువు విద్యార్థికి ఇచ్చే అసలు సంపద సమాచారం. విదేశంలో ధర ఎంత పలుకుతోంది, డాలరు ఎటు పోతోంది, ఏ దేశం సుంకం పెంచబోతోంది అన్నవి అతనికి తెలుస్తాయి. ఎదుటివాడికి తెలియవు. ఆ తేడా మీదే లాభం పుడుతుంది. కష్టపడి సంపాదించిన తెలివికి ప్రతిఫలం కోరడం అధర్మం కాదు. ఎదుటివాడి అజ్ఞానాన్నే పెట్టుబడిగా వాడుకోవడం దగ్గర ధర్మం అడ్డుపడుతుంది. పల్లెల నుంచి సరుకు తెచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురెళ్ళి కొనడాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. ఎందుకంటే బజారు ధర తెలియని అమ్మకందారు అక్కడ నష్టపోతాడు. అలా అమ్మినవాడు బజారుకు చేరాక ఆ బేరాన్ని రద్దు చేసుకోవచ్చని కూడా హదీసులో ఉంది.

చిత్తూరు మామిడి రైతు ఈ మాటను వెంటనే అర్థం చేసుకుంటాడు. ఆ ప్రాంతపు తోతాపురి కాయల గుజ్జు గల్ఫ్ దేశాలకు, యూరప్‌కు ఎగుమతి అవుతుంది. 2025 వేసవిలో ధర పడిపోయింది. గుజ్జు పాత నిల్వలు అమ్ముడుపోకపోవడం అందుకు ఒక కారణం. ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు చొప్పున మొత్తం 12 రూపాయలు రైతుకు అందాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించాల్సి వచ్చింది. విదేశాల్లో గిరాకీ తగ్గితే అది ఎవరి తప్పూ కాకపోవచ్చు. అయితే గిరాకీ ఎలా ఉండబోతోందో ముందే తెలిసినవాళ్ళు ఒకవైపు, కోసిన కాయతో దిక్కుతోచక నిలబడినవాళ్ళు మరోవైపు ఉన్నారు. అంతర్జాతీయ వ్యాపారం చదివిన మన బిడ్డ ఆ ఫ్యాక్టరీలో ఉద్యోగి అయితే, సీజనుకు ముందే రైతుకు నిజం చెప్పే మనిషిగా ఉంటాడా? లేక ట్రాక్టర్ల వరుస ఎంత పొడవైతే ధర అంత తగ్గించవచ్చని లెక్కవేసే మనిషిగా ఉంటాడా? ఈ రెండు దారులూ ఒకే డిగ్రీలోంచి బయలుదేరతాయి.

అన్నం ఎవరి బాధ్యత?

సరుకు సంగతి అలా ఉంచి, మనుషుల సంగతి చూద్దాం. 2021 డిసెంబరులో తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు వద్ద ఆపిల్ ఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ కర్మాగారపు మహిళా కార్మికులు హాస్టల్ భోజనం తిని అస్వస్థులయ్యారు. 150 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. తోటి కార్మికులు రోడ్డెక్కారు. కర్మాగారం కొన్ని వారాలు మూతపడింది. హాస్టళ్ళు, భోజనశాలలు తన ప్రమాణాలకు తగినట్టు లేవని ఆపిల్ సంస్థ అంగీకరించి, ఆ కర్మాగారాన్ని పరిశీలనలో ఉంచింది.

ఆ అన్నానికి బాధ్యులెవరు? వండినవాడా, హాస్టల్ నడిపే కాంట్రాక్టరా, కర్మాగారమా, అమెరికాలో ఉన్న ఫోన్ల కంపెనీయా, తక్కువ ధరకు ఫోను కావాలనుకునే మనమా? కాగితం మీద ఒక్కొక్కరికీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. ప్రతి ఒప్పందం బాధ్యతను ఒక మెట్టు కిందికి దించుతుంది. చివరి మెట్టు మీద పేరు లేని ఒక వంటవాడు మిగులుతాడు. ఇస్లాం బోధన ఇందుకు భిన్నం. ప్రతి ఒక్కరూ కాపరులేననీ, తమ అధీనంలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందనీ దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. పంచుకున్నకొద్దీ తరిగిపోవడానికి బాధ్యత రొట్టె ముక్క కాదు. ఎవరి పరిధిలో వారికి అది పూర్తిగానే ఉంటుంది.

ఈ గొలుసులో మనిషి కనిపించకుండా పోతే ఏమవుతుందో శ్రీ సిటీకి తూర్పున ఉన్న పులికాట్ తీరం చెబుతుంది. 17వ శతాబ్దం తొలినాళ్ళలో డచ్చి వర్తకులు అక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. 1613లో గెల్డ్రియా కోట కట్టారు. ఈ తీరపు నేత బట్టలను ఆగ్నేయాసియాకు పంపి సుగంధ ద్రవ్యాలు కొనేవారు. అదే రేవు నుంచి కరువులో చిక్కిన నిరుపేదలను బానిసలుగా కూడా ఓడలెక్కించారు. బట్టలకూ లెక్క ఉంది, మనుషులకూ లెక్క ఉంది. వర్తకం తెలిసి, మనిషి విలువ తెలియకపోతే ఆ లెక్కలు ఎంత చక్కగా రాసినా అవి నేర చిట్టాలే.

రెండు అభ్యంతరాలు

ఇక తల్లిదండ్రుల అభ్యంతరం దగ్గరికి వద్దాం. వడ్డీ గురించి చదవడం వడ్డీ తినడంతో సమానం కాదు. వైద్య విద్యార్థి విషాల గురించి చదివేది మనుషులకు విషం పెట్టడానికి కాదు. నిజానికి ఏ లావాదేవీలో వడ్డీ ఏ పేరుతో దాగి ఉందో తెలియనివాడే అందులో సులువుగా చిక్కుకుంటాడు. ధర్మజ్ఞానం లేనివాడు తమ బజారులో అమ్మకాలు జరపరాదని హజ్రత్ ఉమర్ (రజి) అన్నట్లు తిర్మిజీ గ్రంథంలో ఉంది. దీన్ని బట్టి బజారుకు దూరంగా ఉండటం పరిష్కారం కాదని, జ్ఞానంతో బజారుకు వెళ్ళడమే పరిష్కారమని తెలుస్తోంది. దీన్ తెలిసినవారంతా వ్యాపారానికి దూరమై, వ్యాపారం తెలిసినవారంతా దీన్‌కు దూరమైతే బజారు ఎవరి చేతిలో మిగులుతుంది?

అయితే ఫీజు కోసం వడ్డీ అప్పు తీసుకోవడం వేరే విషయం. దాన్ని చదువు అనే మాట కింద దాచకూడదు. ముందు మిగతా దారులన్నీ వెతకాలి. స్కాలర్‌షిప్పులు, తక్కువ ఫీజుండే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, బంధువుల మధ్య వడ్డీ లేని అప్పు, ఊరి బైతుల్‌మాల్ సాయం చూడాలి. పెళ్ళిళ్ళకు లక్షలు పోసే మన కుటుంబాలు ఒక తెలివైన అమ్మాయి చదువుకు ఖర్జె హసనా ఇవ్వలేవా? అన్నీ ప్రయత్నించాక కూడా దారి దొరకకపోతే తమ పరిస్థితిని ఉన్నదున్నట్టు ఆలిముల ముందు ఉంచి అడగాలి.

ఇక యువకుల అభ్యంతరం. "నిజాయితీగా ఉంటే నష్టపోతాం" అంటారు. నష్టం రాదని మేము చెప్పం. వస్తుంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బట్టల వర్తకులు. ఆయన తన భాగస్వామికి సరుకు పంపుతూ, ఒక బట్టలో లోపం ఉందని, అమ్మేటప్పుడు చూపించాలని చెప్పారు. భాగస్వామి మరచిపోయి అమ్మేశాడు. కొన్నదెవరో కూడా తెలియలేదు. ఇమామ్ ఆ సరుకు మీద వచ్చిన మొత్తం సొమ్మును దానం చేసేశారని చరిత్రకారులు రాశారు. చట్టం ఆయన్ను అడగలేదు. కొన్నవాడు వెతుక్కుంటూ రాలేదు. మరచిపోయింది కూడా ఆయన కాదు. అయినా కనిపించని ఆ కొనుగోలుదారు హక్కు తన మెడ మీద ఉందనుకున్నారు. నష్టం భరించారు. నిజాయితీ ప్రతిసారీ లాభం తెస్తుందని చెప్పి పిల్లల్ని బజారుకు పంపితే, మొదటి నష్టంతోనే వారు దాన్ని వదిలేస్తారు. నష్టం వచ్చినా వదలకూడనిది అని చెప్పి పంపితేనే నిలబడతారు.

తల్లిదండ్రులారా! మీ అబ్బాయి, మీ అమ్మాయి ఈ చదువు చదవాలనుకుంటే భయపడి ఆపకండి. డిగ్రీ చేతికొస్తే చాలని కూడా వదిలేయకండి. కాలేజీ నుంచి ఇంటికి వచ్చినప్పుడు మార్కుల గురించి అడిగినట్టే, ఈ రోజు నేర్చుకున్నదాన్ని ఎదుటివాడి మేలుకు ఎలా వాడతావని కూడా అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. కాని ఆ ప్రశ్న వారి వెంట సత్యవేడుకు వెళుతుంది, ఓడరేవుకు వెళుతుంది, సంతకం పెట్టాల్సిన కాగితం ముందుకు వచ్చినప్పుడు గుర్తుకొస్తుంది.

సుంకాలు వేర్వేరు, కరెన్సీలు వేర్వేరు, చట్టాలు వేర్వేరు. ప్రళయదినాన నిలబడాల్సిన సన్నిధి మాత్రం ఒక్కటే. అక్కడ సిడ్నీ ప్రయాణికుడు, చిత్తూరు రైతు, హాస్టల్లో అన్నం తిన్న కార్మికురాలు దూరపువాళ్ళుగా ఉండరు. మన పక్కనే నిలబడి తమ హక్కు అడుగుతారు. ఆ రోజు తల దించుకోవాల్సిన అవసరం లేని వర్తకులుగా మన సంతానాన్ని తీర్చిదిద్దే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.